పన్నెండు అడుగులు

కె.కె. నగర్‌లో మా ఫిజియో హాలు.
మొజాయిక్ నేల మీద రెండు ఇనప కడ్డీలు.
వాటి మధ్య పెంచలమ్మ పన్నెండు అడుగులు వేసిన రోజు
నేను చప్పట్లు కొట్టాను.
ఆయా రత్తినం కూడా కొట్టింది,
చేతిలో బెడ్‌పాన్ కింద పెట్టి మరీ.
పెంచలమ్మ మాత్రం కడ్డీలు వదల్లేదు.
వదిలితే పడుతుంది మరి.

పంతొమ్మిదేళ్ళు మింట్ స్ట్రీట్ ఊడ్చిన మనిషి.
తెల్లారుజామున చెత్త లారీ వెనక్కొచ్చింది.
నడుం కిందంతా కరెంటు పోయింది, ఇంక రాలేదు.
అది ఆమె మాటే.

నా దగ్గరొక ఫారం ఉంది,
అందులో లక్ష్యం అని ఒక గడి.
మొదటి రోజే నింపేశాను:
కాలిపర్లతో, చంకకర్రలతో, స్వయంగా నడవడం.
అప్పుడామె అక్కడే ఉంది.
నేనడిగింది వాళ్ళ తమ్ముణ్ణి.

పెద్ద డాక్టరు రౌండ్స్‌కొచ్చి
నాతో ఇంగ్లీషులో, తమ్ముడితో అరవంలో మాట్లాడాడు.
మంచం మీది తెలుగు నోరు మూసుకుని వింది.
ఆ నోటికి అరవమూ వచ్చు,
మార్వాడీ సేట్ల దగ్గర జీతం బాకీ అడిగేంత హిందీ కూడా వచ్చు.
"రాత్రి నిద్రపోయిందా?" అనడిగాడు తమ్ముణ్ణే.
తమ్ముడు రాత్రి ఇంట్లో పడుకున్నాడు.

మూడో వారం, మధ్యాహ్నం,
కాలిపర్ పట్టీలు బిగిస్తుంటే అంది:
"ముందా తెర లాగమ్మా.
ఉచ్చ సంచీ ఊరందరికీ చూపించాలా?"
లాగాను.
మూడు వారాలుగా తెర అక్కడే ఉంది.

లోపల ఆమె గొంతు వేరేగా ఉంది.
"ఒకటి చెప్తా, కోప్పడబాక.
నాకీ నడక వద్దు.
నడిస్తే రెండు చేతులూ కర్రలకే పోతాయి.
గిన్నెడు కూడు పొయ్యి కాడ నుంచి
ఎట్ట తెచ్చుకోను, పళ్ళతో పట్టుకునా?
చక్రాల బండి ఇయ్యి.
కాళ్ళు పోతే పోయినాయి,
చేతులు రెండూ నాయి."

చదువుకున్నదాన్ని, నా దగ్గర జవాబులుండాలి కదా.
నిలబడకపోతే ఎముకలు గుల్లవుతాయన్నాను.
"రోజూ అరగంట ఆ బల్లకి నిలబెట్టి కట్టెయ్యి, కాదన్నానా?"
మీది మూడో అంతస్తు కదా అన్నాను.
గెలిచాననుకున్నాను కూడా.

పులియంతోపులో కింది వాటా కన్నియమ్మతో
ఫోన్లో ఎప్పుడో మాట్లాడేసుకుంది.
ఇల్లు మార్పిడి, నెలకి మూడొందలు ఎక్కువ.
కమ్మలు కుదువపెట్టి
గుమ్మం మెట్టు కొట్టేసి ఏటవాలు సిమెంటు పోయమని
మేస్త్రీకి అడ్వాన్సు పంపింది.
తమ్ముడికి తెలీదు. నాకు తెలీదు.
ఫారానికి అసలే తెలీదు.

మరి ఆ పన్నెండడుగులు?
"నువ్వు సంబరపడతావని వేశా.
చిన్నపిల్లవి. పొద్దున టిఫినన్నా తినకుండా వస్తావు."

ఆ సాయంత్రం వడపళని బస్సులో నిలబడ్డాను,
ఒక చేత్తో పైకడ్డీ, ఒక చేత్తో టిఫిన్ క్యారేజీ.
భుజం సంచీలో ఫోను
మోగి మోగి ఆగిపోయింది.

గడిలో రాసింది కొట్టేశాను.
కొత్తది రాయడానికి చోటు చాల్లేదు.
మార్జిన్లో, అడ్డంగా, ఆమె చెప్పిన తెలుగులోనే:
కూడు తనే తెచ్చుకోవాలి. చేతులు ఖాళీగా ఉండాలి.
పెద్ద డాక్టరు ఏమిటిదన్నాడు.
ఆమెనే అడగండి అన్నాను.
అడిగాడని చెప్పలేను.
వాచీ చూసుకుని సంతకం పెట్టాడు.

వెళ్ళేరోజు ర్యాంపు దగ్గర
అలవాటుగా బండి వెనక పిడి మీద చెయ్యేశాను.
"తియ్యి," అంది, వెనక్కి చూడకుండానే.
తీశాను.
బండి కాస్త వంకరగా, గోడకి ఒరుసుకుంటూ,
తన లెక్కలో తను దిగింది.
నా చెయ్యి కాసేపు గాల్లోనే ఉంది,
ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.